ఏమరుపాటు ఫోటోలు

మొన్న ఒక పెళ్ళిలో సన్నాయి మేళానికి ఎదురుగా కెమెరా పట్టుకుని నిలబడ్డాను. సన్నాయి ఊదే పెద్దాయన రాగం మధ్యలో కళ్ళు మూసుకున్నాడు. సరిగ్గా అప్పుడే నా చెవి పక్కన ఠక్కుమని షట్టర్ చప్పుడైంది. ఉలిక్కిపడి చూస్తే అది కెమెరా కాదు, ఎవరిదో ఫోను. నిజానికి ఫోనులో చప్పుడు చేసే షట్టర్ ఏదీ లేదు. ఎవరో ఎక్కడో రికార్డు చేసి అందులో పెట్టిన చప్పుడది. పెద్దాయన కళ్ళు తెరిచాడు. రాగం ఆగలేదు గానీ ముఖం మారిపోయింది. ఫోటో కోసం పెట్టుకునే ముఖం వచ్చి కూర్చుంది. ఇంక నొక్కి లాభం లేదని కెమెరా దించేశాను. దించుతుంటే సన్యాసిరావు బాబాయ్ గుర్తొచ్చాడు. ఆయన ఉండి ఉంటే ఆ ఫోను చప్పుడుకి ఎలా ముఖం చిట్లించేవాడో కళ్ళకు కట్టినట్టు కనిపించింది.

ఆయన నాకు చుట్టం కాదు. అనకాపల్లిలో మా వీధి చివర ఆయన ఇల్లు, మెయిన్ రోడ్డు మీద ఆయన స్టూడియో. మా నాన్న తమ్ముడూ అని పిలిచేవాడు కాబట్టి నాకు బాబాయ్. పదో తరగతితో నా చదువు ఆగిపోయిందని వీధిలో అందరూ అనేవారు. నేను మాత్రం అలా అనుకోలేదు. ఆగింది బడి, అంతే. శాఖా గ్రంథాలయం తెరిచే వేళకి వెళ్ళి, మూసే వేళకి లేచేదాన్ని. కథల బీరువా అయిపోయాక చరిత్ర, చరిత్ర అయిపోయాక సైన్సు, ఆ తర్వాత ఎవరూ ముట్టని సంగీతం పుస్తకాలు. కాంతి గాజులోంచి వెళ్ళేటప్పుడు ఎందుకు వంగుతుందో నాకు ఏ మాస్టారూ చెప్పలేదు, నేనే చదువుకున్నాను. ఈ మాట చెప్పుకోవడం నాకు ఇప్పటికీ ఇష్టం. పెళ్ళి ఆల్బమ్‌లు తయారుచేసే మనిషి కావలసి వచ్చినప్పుడు బాబాయ్ నన్ను పిలిచాడు.

"ఏమ్మా రత్నం, కంప్యూటర్ వచ్చేటి నీకు?"

"రాదు బాబాయ్. పుస్తకముంటే నేర్సుకుంటాను."

"పుస్తకం లేదు. మౌసుంది" అన్నాడు. అలా చేరి, ఆయన వెంట తిరిగి కెమెరా పట్టడం కూడా నేర్చుకున్నాను.

పెళ్ళిళ్ళు ఆయన తిండి కోసం తీసేవాడు. తన కోసం తీసుకున్నవి కచేరీలు. సభ ఎక్కడ జరిగినా మృదంగం వైపు నేల మీద, స్తంభానికి ఆనుకుని కూర్చునేవాడు. మోకాలి మీద మోచెయ్యి, మోచెయ్యి మీద కెమెరా. అలా కూర్చుంటే ఆయన ఉన్నాడన్న సంగతే ఎవరికీ తట్టేది కాదు. ఫ్లాష్ ఎప్పుడూ సంచిలోనే ఉండేది. పాటగాళ్ళని పాడేటప్పుడు తీసేవాడు కాదు. పక్కవాయిద్యం వాయిస్తుంటే వాళ్ళు వింటారే, అప్పుడు తీసేవాడు. అదీ మృదంగం దెబ్బ పడే క్షణం కోసం కాచుకుని, ఆ దెబ్బలో కెమెరా చప్పుడు కలిసిపోయేటట్టు నొక్కేవాడు. పక్కనే కూర్చున్నా నాకు కూడా ఆ చప్పుడు వినిపించేది కాదు. తీసినవి ముందుగా ఎవరివి వాళ్ళకే పంపేవాడు. వాళ్ళు చూడకుండా ఏ ఒక్కటీ స్టూడియో గోడ ఎక్కేది కాదు.

పెళ్ళివాళ్ళు అప్పుడప్పుడే 'కాండెట్' ఫోటోలు, అంటే మనిషి చూసుకోకుండా ఉన్నప్పుడు తీసేవి, కావాలని అడగడం మొదలుపెట్టారు. ఒక రోజు బాబాయ్ నా బల్ల దగ్గరకొచ్చి, "ఒసే, మన పనికి ఇంగ్లీషులో పేరుందట. తెలుగులో ఏటంటారో నీ లైబ్రరీలో సూసి సెప్పు" అన్నాడు. నిఘంటువులన్నీ తిరగేశాను. సహజం, నిష్కపటం, ఇలాంటివి దొరికాయి. ఏవీ నచ్చలేదు. చివరికి నాకు నేనే ఒక మాట పట్టుకున్నాను, ఏమరుపాటు. మనిషి తనని తాను కాచుకోవడం మర్చిపోయిన క్షణం. ఆ మాట చెప్పినప్పుడు ఆయన దాన్ని నోట్లో బెల్లంముక్కలా అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఏమరుపాటు ఫోటో. బాగుందే. మనిసి ఏమరితేనే కదా లోపలి మనిసి బయటికొచ్చేది" అన్నాడు. ఆ తర్వాత ఎవరొచ్చి కాండెట్ అన్నా, "మా దగ్గర ఏమరుపాటు ఫోటోలు తీత్తాం" అనేవాడు. వాళ్ళు తెల్లబోయి నా వైపు చూసేవారు. నాకు లోలోపల ఎంతో గర్వంగా ఉండేది.

ఫోన్లు సభల్లోకి ఒక్కసారిగా రాలేదు. మొదట వెనక వరుసల్లో ఒకటీ అరా వెలిగేవి. తర్వాత ముందు వరుసకి వచ్చాయి. తర్వాత స్తంభం పక్కకి కూడా వచ్చి, "తాతా, కాస్త తల దించు, వీడియోలో అడ్డొత్తున్నావు" అనడం మొదలైంది. బాబాయ్ తల దించేవాడు. పక్కకి జరిగేవాడు. ఆయన్ని బాధపెట్టింది అది కాదు. మంచి సంగతి పడినప్పుడు చిన్నపిల్లాడిలా నాలుక కొరుక్కునే వయొలిన్ విద్వాంసుడు ఒకాయన ఉండేవాడు. ఆయన అలా చెయ్యడం మానేశాడు. ఫోన్ల వైపు సగం తిరిగి, ఎప్పుడూ ఒకేలా నవ్వుతూ కూర్చునేవాడు. ఆ కచేరీ నుంచి తిరిగొస్తూ బాబాయ్, "మనుసులు ఏమరడం మానేత్తన్నారమ్మా. ఇంక మనకేటి పని?" అన్నాడు. నేను నవ్వాను. ఆయన నవ్వలేదు.

ఇప్పుడు చెప్పబోయే కచేరీ అప్పలనర్సమ్మ గారిది. చీడికాడలో ఉండే పెద్దావిడ. తల్లి దగ్గర పాట నేర్చుకుని, ఈ చుట్టుపక్కల పాడని పందిరి లేదనిపించుకున్న మనిషి. చాలాకాలంగా పాడడం మానేస్తే మా ఊరి సంగీత సభ సెక్రటరీ కామేశ్వర్రావు గారు వెళ్ళి బతిమాలి ఒప్పించారు. ఆయన బెల్లం వ్యాపారి, బాబాయ్‌కి చిన్ననాటి స్నేహితుడు. ఇద్దరూ ఒకరినొకరు బావా అనుకునేవారు. "ఇవాళొక్కరోజు ఫోన్లు ఆపించు బావా. పెద్దావిడ, బెదురుతాది" అని బాబాయ్ ముందే చెప్పాడు. కామేశ్వర్రావు గారు మైకులో ఆ మాట చక్కగా ప్రకటించి, దిగొచ్చి ముందు వరుసలో కూర్చుని తన ఫోనే పైకెత్తారు. బాబాయ్ అది చూసి స్తంభం దగ్గరికి వెళ్ళి కూర్చున్నాడు.

మొదటి పాటలు బాగానే సాగాయి. గొంతులో కొంత జీర ఉన్నా నిలకడ పోలేదు. పెద్ద కీర్తన చరణంలోకి వచ్చాక ఆవిడ ఒక పంక్తి మధ్యలో ఆగింది. మళ్ళీ మొదటినుంచి ఎత్తుకుంది. మళ్ళీ అక్కడే ఆగింది. వయొలిన్ వాయించే అబ్బాయి తర్వాతి సంగతి మెల్లగా అందించాడు. ఆవిడ అతని వైపు తిరిగి చూసింది. అందుకోలేదు. మృదంగం చప్పుడు తగ్గుతూ తగ్గుతూ వేలికొసల మీదికి వచ్చేసింది. ఏదో జరుగుతోందని హాలుకి అర్థమైంది. అంతవరకూ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నవాళ్ళు కూడా ఫోన్లు ఒక్కొక్కటే పైకెత్తారు. పాట వినడానికి ఎత్తని చేతులు అవి. ఆ నిశ్శబ్దంలో నా పక్కన ఒక్కసారి కెమెరా మోగింది. బాబాయ్ షట్టర్ చప్పుడు నేను విడిగా వినడం అదే మొదలు.

మరుక్షణం ఆయన లేచి నిలబడ్డాడు. సంచిలోంచి ఫ్లాష్ తీసి కెమెరాకి బిగించి, వేదికకి వీపు పెట్టి, జనం వైపు తిరిగాడు. ఫ్లాష్ కొట్టాడు. తెల్లటి వెలుగు ముందు వరుస ముఖాల మీద పడింది. మళ్ళీ కొట్టాడు. జనం చేతులు అడ్డం పెట్టుకున్నారు. "దించండి బాబూ. దించండి. మీకు దండం పెడతాను" అంటూనే మళ్ళీ మళ్ళీ కొట్టాడు. గొంతు పెంచలేదు. వెనకనుంచి ఎవరో "ముసిలోడికి పిచ్చెక్కిందిరోయ్" అన్నారు. ఎవరో ఈల వేశారు. ఎవరి కంటా పడడానికి ఇష్టపడని మనిషి, స్తంభం నీడలో తప్ప కూర్చోని మనిషి, వందల కళ్ళ ముందు కెమెరా ఎత్తి అడ్డంగా నిలబడ్డాడు. ఆ వెనక అప్పలనర్సమ్మ గారు దండం పెట్టి, గొంతు సవరించుకుని మంగళం అందుకుంది.

"నా సభలో జనాల కళ్ళు పోగొడతావేటి బావా? ఇంక నువ్వీ గడప తొక్కకు" అన్నారు కామేశ్వర్రావు గారు అందరి ముందూ. బాబాయ్ సంచి సర్దుకున్నాడు.

మర్నాడు పొద్దున్న స్టూడియోకి వెళ్ళేసరికి ఆయన కెమెరా ముందు పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. టీ గ్లాసు అలాగే చల్లారిపోయి ఉంది. "ఒకటి పడిందమ్మా" అని వెనక తెర నా వైపు తిప్పాడు. ఆవిడ ఆగిపోయిన క్షణం. చూశాను. చూసి మళ్ళీ చూశాను. "ఇన్నేళ్ళలో ఇలాంటిది తియ్యలేదు" అన్నాడాయన. ఆ మాట సంతోషంగా అనలేదు. భయపడుతున్నట్టు అన్నాడు.

అంతలోకి కామేశ్వర్రావు గారు వచ్చారు. కూర్చోమన్నా కూర్చోలేదు. ఫోను తీసి బల్ల మీద పెట్టారు. అందులో వీడియో ఆడుతోంది. బాబాయ్ ముఖం, తెల్లటి మెరుపులు, మళ్ళీ బాబాయ్. మొదటినుంచీ మైకు అడ్డం ఉండి అప్పలనర్సమ్మ గారి ముఖం కనిపించడం లేదు. గొంతు మాత్రం ప్రతి అక్షరం వినబడుతోంది. ఎక్కడ ఆగిందో, ఎన్ని సార్లు తడబడిందో, అంతా.

"దీన్ని సభ గ్రూపులో పెడతన్నాను. నిన్నెందుకు రావద్దన్నానో అందరికీ తెలియాలి కదా" అన్నారు.

"నన్ను తిట్టు బావా. మైకులో తిట్టు. నీ సభకి రాను. అది మాత్రం పెట్టకు."

"ఏం, నీ యేషాలు కనబడతాయనా?"

"నేను కనబడితే కనబడతాను. ఆవిడ వినబడతాది."

అప్పుడే కామేశ్వర్రావు గారి చూపు కెమెరా మీద పడింది. తెర ఇంకా వెలుగుతోంది. వంగి చూశారు. చాలాసేపు చూశారు. ఆయన ముఖం మెత్తబడుతుందనుకున్నాను. కానీ తల ఎత్తేసరికి కోపం రెట్టింపయింది.

"నేను తీసినదాంట్లో ఆవిడ ముకమే లేదు. నువ్వు తీసినదాంట్లో ముకం తప్ప ఇంకోటి లేదు. మరి తప్పెవరిదంటావ్? మేం తీత్తే పాపం, నువ్వు తీత్తే పేరు. దొంగసాటుగా తీసి, దానికి ఏమరుపాటని ముద్దుపేరొకటి."

ఆ పేరు పెట్టింది నేను. నాకు పౌరుషం వచ్చింది. కళాకారుడి చూపు వేరు, వేడుక చూసేవాడి చూపు వేరు అని ఎక్కడో చదివిన మాటలు వరుసగా చెప్పడం మొదలుపెట్టాను. బాబాయ్ చెయ్యి అడ్డం పెట్టాడు. "నువ్వుండమ్మా. అతనడిగింది నీ పుస్తకాల్లో లేదు." తర్వాత ఆయన వైపు తిరిగి, "నా దగ్గరా జవాబు లేదు బావా. కారు తీసుకురా. ఆవిడ దగ్గరికే పోదాం. నీది, నాది రెండూ ముందు పెడదాం. ఏది ఉంచమంటే అది ఉంచుదాం" అన్నాడు.

"మాట తప్పవు కదా?"

"తప్పను."

కామేశ్వర్రావు గారు కారు కోసం బయటికి వెళ్ళారు. నేను గబగబా కార్డు రీడర్ అందుకున్నాను. "బాబాయ్, ఒక్క నిమిషం. కంప్యూటర్లోకి ఎక్కించేత్తాను." ఆయన నా వైపు చూసిన చూపులో కోపం లేదు. "ఎక్కించేక ఇంక అడగడానికి ఎల్డం దేనికి?" అన్నాడు. రీడర్ కింద పెట్టేశాను.

చోడవరం మీదుగా చీడికాడ వెళ్ళే దారి అంతా చెరకు ట్రాక్టర్లు. ఒక్కో ట్రాక్టర్ వెనక కారు నెమ్మదించినప్పుడల్లా కామేశ్వర్రావు గారు హారన్ మీదనుంచి చెయ్యి తీయలేదు. బాబాయ్ కెమెరాని ఒళ్ళో పెట్టుకుని రెండు చేతులూ దాని మీద వేసి కూర్చున్నాడు. ఆవిడ ఉంచమంటుందని నాకు గట్టి నమ్మకం. అంత గొప్ప బొమ్మని ఎవరు కాదంటారు? అదే పనిగా అలా అనుకుంటూ కూర్చున్నాను.

అప్పలనర్సమ్మ గారు అరుగు మీద కూర్చుని చింతపండులో పిక్కలు తీస్తోంది. మమ్మల్ని చూసి, "ఏటి నాయినా, ముగ్గురొచ్చేరు? పాట తప్పేనని పరామర్శకేటి? ఇంకా బతికే ఉన్నాను, కూకోండి" అంది. కోడలు మంచినీళ్ళు తెచ్చింది. బాబాయ్ ఏదీ దాచకుండా చెప్పాడు. తను ఫ్లాష్ కొట్టిన సంగతి, కామేశ్వర్రావు గారి వీడియో, తన ఫోటో. ఆవిడ వింటూ పిక్కలు తీస్తూనే ఉంది.

"ముందు పాట పెట్టు బాబూ" అంది.

కామేశ్వర్రావు గారు ఫోను ఆవిడ చెవి దగ్గర పట్టుకున్నారు. ఆవిడ చింతపండు చేత్తోనే తొడ మీద తాళం వేసుకుంటూ వింది. తను ఆగిన చోటు వచ్చింది. నేను తల దించుకున్నాను. "మళ్ళీ పెట్టు" అంది. మళ్ళీ పెట్టారు. "ఆఁ, అదిగో. నేనాగింది అక్కడ గానీ తప్పింది అక్కడ కాదు. దానికి ముందు మాటలోనే దారి తప్పేను. వైలినబ్బాయి సరిగ్గానే అందించేడు పాపం, నేనే కానుకోలేదు" అంది. కోడలి వైపు తిరిగి, "ఇది నీ ఫోన్లోకి ఏయించుకో అమ్మా. సాధకం సేసుకోవాల" అంది.

"మరి ఇది పదిమందిలోకి..." అని నసిగారు కామేశ్వర్రావు గారు.

"పెట్టుకో నాయినా. పాట తప్పితే తప్పిందంటారు. తప్పకపోతే ఎవరన్నా ఏటైనా అంటారేటి?" అంది.

బాబాయ్ ముఖం చూశాను. ఏ మెరుపులతో ఆయన ఆవిణ్ణి కాపాడాలనుకున్నాడో, ఆ కాపాడడం ఆవిడకి అక్కర్లేకపోయింది. ఆయన కెమెరా ఆవిడకి అందించాడు. ఎండ పడకుండా నేను అరచేయి అడ్డం పెట్టాను. ఆవిడ చూసింది. తొడ మీద తాళం వేస్తున్న వేళ్ళు ఆగిపోయాయి.

"ఎవరిది ఇది?" అంది.

"మీదేనమ్మా. నిన్నటిది" అన్నాడు బాబాయ్.

ఆవిడ ఇంకాసేపు చూసింది. "మా అమ్మ" అంది. "ఆకరి రోజుల్లో నన్ను పోల్చుకోలేక ఇలాగే సూసేది. అన్నం పెట్టబోతే నీ పేరేటమ్మా అని అడిగేది." కెమెరా తిరిగి ఇచ్చేసింది. చెయ్యి కొంగుకి తుడుచుకుంది. "ఇది తీసెయ్ నాన్నా."

బాబాయ్ నొక్కాడు. నిజంగా తీసెయ్యాలా అని కెమెరా మళ్ళీ అడిగింది. మళ్ళీ నొక్కాడు. తెర ఒక్కసారి నల్లబడి, దానికి ముందు తీసిన ఫోటో వచ్చింది. మృదంగం వైపు చూసి ఆవిడ నవ్వుతున్నది. "ఇది బాగుంది. ఇది పంపు" అంది అప్పలనర్సమ్మ గారు. మనం ఫోటో తీస్తాం, అక్కర్లేదంటే తీసేస్తాం. రెండింటికీ మాట ఒకటేనని ఇన్ని నిఘంటువులు తిరగేసిన నాకు ఆ అరుగు మీద గానీ తట్టలేదు.

కారెక్కే ముందు కామేశ్వర్రావు గారు బాబాయ్ భుజం మీద చెయ్యి వేశారు. "ఒక్కమాట అడగలేకపోయేవా బావా? ఎవరికీ సూపించను, ఉంచుకుంటానని?"

"అడిగితే ఉంచుకోమనేస్తాది బావా. పెద్దమనిసి. అందుకే అడగలేదు."

ఆ వీడియో ఏ గ్రూపులోనూ రాలేదు. బాబాయ్‌ని సభకి రమ్మని కామేశ్వర్రావు గారే మళ్ళీ పిలిచారు. ఆయన వెళ్ళాడు గానీ, ఆ తర్వాత కచేరీ మొదలయ్యే ముందు వేదిక వెనక్కి వెళ్ళి, "అమ్మా, ఇవాళ నేనిక్కడుంటాను, తీసుకోవచ్చా?" అని అడిగేవాడు. అడిగితే మరి ఏమరరు కదా బాబాయ్ అంటే, "కాసేపటికి మర్సిపోతార్లే. మర్సిపోకపోతే మానేద్దాం" అనేవాడు. అప్పలనర్సమ్మ గారు మళ్ళీ వేదిక ఎక్కలేదు. ఇంట్లో ఆ చరణం సాధన చేస్తూనే ఉండేదట. తర్వాత్తర్వాత ఒక్కొక్కరినే పోల్చుకోవడం మానేసిందని, పాట మాత్రం పోలేదని కోడలు చెప్పింది. ఇప్పుడు ఆవిడా లేదు, బాబాయ్ కూడా లేడు.

తీసేసిన ఆ ఫోటో నాకు పూర్తిగా గుర్తుంది. కళ్ళు, నోరు, గాలిలో ఆగిపోయిన చెయ్యి, వెలుగు ఏ వైపునుంచి పడుతోందో కూడా. అది ఎలా ఉందో చదివేవాళ్ళ కళ్ళ ముందు నిలబెట్టగలను. ఇన్నేళ్ళు పుస్తకాల మధ్య కూర్చున్నదాన్ని, ఆ మాత్రం మాటలు నా దగ్గర ఉన్నాయి. ఈ జ్ఞాపకం రాయడానికి కూర్చున్నప్పుడు నిజానికి అదే రాయాలనుకున్నాను. ఒకటి రెండు వాక్యాలు రాశాను కూడా. రాసినవి చదువుకుంటే ఆవిడ కొంగుకి చెయ్యి తుడుచుకోవడం కనిపించింది. ఆ వాక్యాలు తీసేశాను.